కర్రలు పక్కన పెట్టించిన రాత్రి

2022 నవంబరులో మా సంఘంలో మూడు రాత్రులు ఉజ్జీవ సభలు జరిగాయి. చివరి రాత్రి వాక్యం నేనే చెప్పాను. అపొస్తలుల కార్యములు 3వ అధ్యాయం. శృంగారమనే దేవాలయ ద్వారం దగ్గర కూర్చున్న పుట్టుకుంటివాడు లేచి, గంతులు వేస్తూ దేవుణ్ణి స్తుతించిన సందర్భం. ముందు వరుసలో ఒక కుర్రవాడు కూర్చున్నాడు. వయసు ఇరవై. కబడ్డీలో జిల్లా జట్టుకు రైడర్. ఆగస్టు వానల్లో బైకు జారి కుడి తొడ ఎముక మూడు ముక్కలైంది. ఆపరేషన్ చేసి ఎముక లోపల రాడ్ వేశారు, పైనా కిందా స్క్రూలు బిగించారు. అప్పటికి మూడు నెలలు. రెండు చంకకర్రలతో నడుస్తున్నాడు. తర్వాతి ఎక్స్‌రే చూసేదాకా ఆ కాలి మీద పూర్తి బరువు మోపవద్దని డాక్టరు చెప్పిన సంగతి నాకు తెలుసు. తెలిసీ, ప్రసంగం వేడిలో, "కర్రలు పక్కన పెట్టి ఇలా రా నాయనా" అని పిలిచాను.

వచ్చాడు. కుర్చీ నుంచి వేదిక దాకా పది పన్నెండు అడుగులు. జనం లేచి నిలబడి స్తోత్రాలు చెప్పారు. వాళ్ల అమ్మ కొంగుతో ముఖం కప్పుకుని ఏడ్చింది. అతని పై పెదవి మీద చెమట పట్టడం నేను దగ్గర నుంచి చూశాను. దాన్ని ఆత్మ కార్యం అనుకున్నాను. నొప్పి అనుకోలేదు.

ఆ రాత్రి తర్వాత అతను కర్రలు ముట్టుకోలేదు. అయ్యగారు అందరి ముందూ నడిపించాక మళ్లీ కర్రలతో ఆదివారం ఆరాధనకు ఎలా వస్తాడు? జనవరిలో తొడ వాచింది. రెండు స్క్రూలు విరిగాయి. ఎముక అతుక్కోలేదు. రెండోసారి ఆపరేషన్ చేసి, రాడ్ మార్చి, తుంటి దగ్గర నుంచి కొంత ఎముక తీసి విరిగినచోట పెట్టారు. నేను ఆసుపత్రికి వెళితే డాక్టరు నన్ను నిందించలేదు. "బరువు ముందే పడిందండీ" అన్నాడు, అంతే. తల్లి ఒక్క మాట కూడా అనలేదు. అనుంటే బాగుండేది.

ఈ సంగతి పత్రికలో రాయడానికి ఇంతకాలం పట్టింది. రాయడం ఎందుకంటే, ఇది మా ఒక్క సంఘంలో జరిగే పని కాదని సేవలో ఉన్నవారందరికీ తెలుసు.

తొడ ఎముక మన ఒంట్లో అన్నిటికంటే పొడవైనది, బలమైనది. అది విరిగితే బయటికి చుక్క కారకపోయినా లోపల లీటరుకు పైగా రక్తం పోవచ్చు. మొదటి ప్రపంచ యుద్ధంలో 1916 ప్రాంతంలో తూటా తగిలి తొడ విరిగిన సైనికుల్లో నూటికి 80 మంది దాకా చనిపోయేవారని ఆనాటి సైనిక వైద్యులు లెక్క చెప్పారు. కాలిని చాపి కదలకుండా పట్టి ఉంచే థామస్ చట్రం వాడకంలోకి వచ్చాక ఆ మరణాలు బాగా తగ్గాయి. ఈ రోజు వేస్తున్న రాడ్‌కు మూలం జర్మనీలోని కీల్ నగరంలో గెర్హార్డ్ కుంట్షర్ అనే వైద్యుడు చేసిన పని. 1940 నాటికి ఆయన ఎముక మజ్జలోకి ఉక్కు కడ్డీ దింపడం మొదలుపెట్టాడు. యుద్ధఖైదీలుగా చిక్కిన శత్రు సైనికులకూ ఆ చికిత్స జరిగింది. వారు విడుదలై స్వదేశాలకు వెళ్లాక, ఎక్స్‌రేలో తొడ పొడవునా ఉక్కు కడ్డీ కనబడితే అక్కడి వైద్యులు నివ్వెరపోయారట. శత్రువు తొడలో శత్రువు పెట్టిన కడ్డీ వాణ్ణి మళ్లీ నడిపించింది. దేవుని కృప మనుష్యుల చేతుల మీదుగా ఎలా వస్తుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

కానీ ఆ కడ్డీ ఎముకను అతికించదు. అతుక్కునేదాకా పట్టి ఉంచుతుంది. అతుక్కోవడం శరీరం పని, దానికి నెలలు పడుతుంది. ఎముక అతికినా ఆట రాదు. ఈలోగా తొడ ముందు కండరం కరిగిపోతుంది, మోకాలు బిగుసుకుంటుంది, తుంటి పక్క కండరాలు సడలి నడక ఒక పక్కకు ఒరుగుతుంది. మోకాలు పూర్తిగా వంచడం, మెట్టు ఎక్కి దిగడం, ఒంటికాలి మీద నిలబడటం, తర్వాత పరుగు, ఆ తర్వాత పక్కకు దూకడం, అన్నిటికంటే చివర మరో మనిషి బలం మీద పడే ఆట. కబడ్డీ రైడర్‌కు ఆ చివరి మెట్టే అసలు మెట్టు. నలుగురు ఒక్కసారిగా తొడ పట్టుకుని లాగుతారు.

ఈ నెలలన్నిటిలో మన సంఘాలు ఏం చేస్తాయి? ప్రార్థన చేస్తాం, మంచిదే. యాకోబు పత్రిక 5వ అధ్యాయం ప్రకారం నూనె రాసి ప్రార్థించమని మనకు ఆజ్ఞ ఉంది, నేను ఈనాటికీ చేస్తాను. దానితో పాటు మరికొన్ని పనులు కూడా చేస్తాం. ఆసా రాజు పాదాల జబ్బులో వైద్యులను పట్టుకున్నాడు, యెహోవాను విచారించలేదు (2 దినవృత్తాంతములు 16:12) అని మంచంలో ఉన్నవాడికి చదివి వినిపిస్తాం. అదే బైబిలులో హిజ్కియా పుండుకు అంజూరపు పండ్ల ముద్ద కట్టించింది యెషయా ప్రవక్తే (యెషయా 38:21). ప్రార్థన విన్నానని చెప్పిన దేవుని ప్రవక్తే మందు కూడా చెప్పాడు. ఆసా చేసిన తప్పు దేవుణ్ణి వదలడం. వైద్యుడి గడప తొక్కడం కాదు.

ఇంకొకటి ఉంది. మా పెద్దల్లో ఇద్దరు ఆ కుర్రవాడి ఇంటికి వెళ్లి, మ్యాచ్‌ల కోసం ఆదివారాలు ఎగ్గొట్టినందుకే దేవుడు ఆ కాలు విరిచాడని చెప్పి వచ్చారు. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో ఆదివారం పరుగుకు నిరాకరించిన ఎరిక్ లిడెల్ కథ కూడా చెప్పారట. లిడెల్ తన మనస్సాక్షి కోసం తాను వదులుకున్నాడు, ఎదుటివాడి కాలు విరిగితే లెక్కలు కట్టలేదు. సిలోయములో గోపురం కూలి చనిపోయిన 18 మంది మిగతావారికంటే పాపులని అనుకుంటున్నారా అని ప్రభువు అడిగిన ప్రశ్న (లూకా 13:4) ఇలాంటి పరామర్శలకు వెళ్లే ముందు చదువుకోవాలి. ఆ ఇద్దరికీ ఈ మాట సూటిగా చెప్పాను. అయితే వారికంటే ఎక్కువ హాని చేసింది నేను కనుక గట్టిగా చెప్పలేకపోయాను.

డాక్టర్ పాల్ బ్రాండ్ గురించి చాలామంది విశ్వాసులకు తెలుసు. కొల్లి కొండల్లో మిషనరీల ఇంట పుట్టి, వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో కుష్ఠు రోగుల చేతులకు ఆపరేషన్లు చేసిన వైద్యుడు. 139వ కీర్తన నుంచి పేరు తీసుకుని ఫిలిప్ యాన్సీతో కలిసి 1980లో వెలువరించిన పుస్తకంలో ఆయన ఒక విషయం రాశారు. మానవ శాస్త్రవేత్త మార్గరెట్ మీడ్ ఉపన్యాసానికి వెళితే, నాగరికతకు మొదటి గుర్తుగా ఆమె చూపింది కుండో కొడవలో కాదట, విరిగి మళ్లీ అతుక్కున్న తొడ ఎముక. అడవిలో తొడ విరిగిన జంతువు అతుక్కునేదాకా బతకడం కష్టం. పాత ఎముకల్లో అతుక్కున్న తొడ ఎముక కనబడిందంటే, ఎవరో అతణ్ణి మోశారు, వేటాడి తెచ్చి తినిపించారు, పక్కన కూర్చున్నారు. నేను ఈ కథను చాలా ప్రసంగాల్లో వాడాను. వాడినన్ని సార్లూ మెప్పు వచ్చింది. మా కుర్రవాడు రెండోసారి మంచం పట్టాక ఆ కథ నా మీదికే తిరిగి వచ్చింది. మా సంఘంలో అతణ్ణి ఎవరు మోశారు?

అప్పటి నుంచి వారానికి మూడు రోజులు ఫిజియోథెరపీకి తీసుకెళ్లడం నా పని అయింది. స్కూటరు మీద కూర్చోబెట్టడం కుదరక, సంఘంలో ఆటో నడిపే సోదరుణ్ణి అడిగాను. అతను ఎనిమిది నెలలు పైసా తీసుకోలేదు. అతను ఏ రాత్రీ వేదిక ఎక్కలేదు.

2023 జూలైలో ఒకరోజు ఫిజియోథెరపీ గది బయట కూర్చున్నప్పుడు కుర్రవాడు ఫోను నాకు చూపించాడు. "అయ్యగారూ, ఈయనకి కూడా తొడ ఎముకే విరిగింది" అన్నాడు. కొలంబియా దేశపు సైకిల్ పందెగాడు ఎగాన్ బెర్నాల్. 22 ఏళ్లకే 2019లో టూర్ డి ఫ్రాన్స్ గెలిచాడు, 2021లో ఇటలీ పందెం గెలిచాడు. 2022 జనవరి 24న సాధన చేస్తూ ఆగి ఉన్న బస్సును వెనుక నుంచి ఢీకొట్టాడు. తొడ ఎముక, మోకాలి చిప్ప, వెన్నుపూసలు, పక్కటెముకలు విరిగాయి, ఊపిరితిత్తికి గాయమైంది. అదే ఏడాది ఆగస్టుకల్లా పందెంలో కనిపించాడు. 2023 టూర్ డి ఫ్రాన్స్‌ను 36వ స్థానంలో ముగించాడు.

"మొదటివాడు 36వ వాడయ్యాడు. అదీ గెలుపేనా?" అని అడిగాను.

"మూడు వారాల పందెం అయ్యగారూ. చివరిదాకా తొక్కాడు" అన్నాడు. నా ప్రశ్న అతనికి అర్థం కానట్టు చూశాడు.

ఇంటికి వెళ్లి ఇంకా చదివితే మరో పేరు కనబడింది. కెన్యాలో పుట్టిన బ్రిటిష్ పందెగాడు క్రిస్ ఫ్రూమ్. టూర్ డి ఫ్రాన్స్ నాలుగుసార్లు గెలిచినవాడు. 2019 జూన్ 12న ఫ్రాన్స్‌లో పందేనికి ముందు దారి చూసుకుంటూ వెళుతుంటే గాలి తోసి గోడకు కొట్టింది. తొడ ఎముక, మోచెయ్యి, పక్కటెముకలు విరిగాయి. 2020 ఫిబ్రవరిలో మళ్లీ సైకిలెక్కాడు. 2021 టూర్‌లో 133వ స్థానం. 2022 జూలై 14న ఆల్ప్ డ్యుయెజ్ అనే ప్రసిద్ధమైన కొండదారి మీద మూడో స్థానంలో వచ్చాడు. ఆ ప్రమాదం తర్వాత అతను గెలుపుకు అంత దగ్గరగా వచ్చిన రోజు అదే. గెలవలేదు. బెర్నాల్ మాత్రం 2025 ఫిబ్రవరిలో తన దేశపు ఛాంపియన్‌షిప్, సెప్టెంబరులో స్పెయిన్ పందెంలో ఒక దశ గెలిచాడు.

ఒకే ఎముక. ఇద్దరికీ మంచి వైద్యం, ఇద్దరిదీ కఠోర సాధన. ఒకడికి మళ్లీ గెలుపు దొరికింది, మరొకడికి దొరకలేదు. మన సాక్ష్యపు కూటాల్లో బెర్నాల్‌కు మైకు ఇస్తాం. ఫ్రూమ్ వస్తే ఏం చేస్తాం? విశ్వాసం చాలలేదని మెల్లగా పక్కకు తప్పిస్తామా? ఇది నా భయం. మనం వినే సాక్ష్యాలన్నీ ముగింపు తెలిసిన సాక్ష్యాలే. మధ్యలో ఉన్నవాడికి, ఎక్స్‌రే కోసం ఎదురుచూస్తున్నవాడికి మన ఆరాధన క్రమంలో చోటు లేదు. అందుకే వాడు ముగింపు రాకముందే ముగిసినట్టు నటించాలి. మా కుర్రవాడు ఆ రాత్రి చేసింది అదే. చేయించింది నేను.

సెమినరీలో చదివిన రోజుల్లో ఆదికాండము 32వ అధ్యాయం మీద పెద్ద వ్యాసం రాశాను. యబ్బోకు రేవు, రాత్రంతా పెనుగులాట, కొత్త పేరు. తొడగూడు గురించి రెండు వాక్యాలు రాసి వదిలేశాను. ఇప్పుడు ఆ తొడ దగ్గరే ఆగిపోతున్నాను. యాకోబుది విరగడం కాదు, కీలు వసిలింది. అయినా సమయం చూడండి. ఏశావు 400 మందితో ఎదురు వస్తున్నాడు. యాకోబు జీవితమంతా పరుగే. అన్న దగ్గర నుంచి పారిపోయాడు, మామ దగ్గర నుంచి పారిపోయాడు. కాళ్లు బాగా కావలసిన తెల్లవారే దేవుడు తొడ మీద చెయ్యి వేశాడు. దీవించాడు కూడా. దీవించినవాడు ఆ తొడను సరిచేసి పంపలేదు. సూర్యుడు ఉదయించేటప్పటికి యాకోబు కుంటుతూ పెనూయేలు దాటుతున్నాడు.

మర్నాడు ఏశావు కలిసి వెళదాం రమ్మంటే, నువ్వు ముందు వెళ్లు, నేను పిల్లల నడకకు, మందల నడకకు తగినట్టు మెల్లగా వస్తానన్నాడు యాకోబు (33:14). వస్తానన్న చోటికి వెళ్లలేదనుకోండి, ఆ పాత బుద్ధి ఇంకా పోలేదు. కానీ జీవితంలో మొదటిసారి చిన్నపిల్లల వేగంతో నడిచాడు. చివరి రోజుల్లో చేతికర్ర మొదలు మీద ఆనుకుని దేవునికి మొక్కాడని హెబ్రీ పత్రిక 11:21 చెబుతుంది. ఆదికాండములో అదే చోట మంచం అని ఉంటుంది. హీబ్రూ అక్షరాలు రెండు మాటలకూ ఒకటే, అచ్చుల్లోనే తేడా. విశ్వాసవీరుల జాబితా రాసినవాడు కర్రనే ఉంచుకున్నాడు. నేను ఆ రాత్రి కర్రలు పక్కన పెట్టించాను.

దేవుడు ఒక్క క్షణంలో స్వస్థపరచడని నేను అనడం లేదు. శృంగార ద్వారం దగ్గర అలాగే చేశాడు. అయితే ఆ వచనం మళ్లీ చదివితే, పేతురు అతని కుడిచెయ్యి పట్టుకుని లేపాడని ఉంది. నేను చెయ్యి ఇవ్వలేదు. నా చేతిలో మైకు ఉంది.

కుర్రవాడు 2025 సంక్రాంతికి ఊళ్లో కబడ్డీ ఆడాడు. తొమ్మిది రైడ్లకు వెళ్లాడు, నాలుగుసార్లు దొరికిపోయాడు. మొదటిసారి ముగ్గురు అతని మీద పడ్డప్పుడు నేను చెప్పులు చేతిలో పట్టుకుని గీత దాకా పరుగెత్తాను. అతను లేచి తొడ దులుపుకున్నాడు. జిల్లా జట్టులోకి మళ్లీ రాలేదు. స్పోర్ట్స్ కోటా ఉద్యోగం మీద పెట్టుకున్న ఆశ పోయింది, ఆ బాధ ఇంకా ఉంది, దాన్ని నేను వాక్యంతో కప్పలేదు. ఇప్పుడు బడి పిల్లలకు సాయంత్రాలు ఆట నేర్పుతున్నాడు. కొంచెం కుంటుతాడు, చలికాలం పొద్దున మరీ ఎక్కువ.

ఆ మధ్య ఒక ఆదివారం నేను సంఘం ముందు నిలబడి 2022లో చేసిన తప్పు చెప్పి క్షమాపణ అడిగాను. తర్వాత అతణ్ణి మాట్లాడమన్నాను. "కూర్చుని చెప్పనా అయ్యగారూ?" అన్నాడు. కుర్చీ వేశాం. ఆటో సోదరుడి పేరు చెప్పాడు, ఫిజియోథెరపీ చేసినావిడ పేరు చెప్పాడు, రాత్రుళ్లు అమ్మ కాలు పట్టిన సంగతి చెప్పాడు. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు.

మా మందిరం స్టోరు గదిలో ఇప్పుడు రెండు వాకర్లు, నాలుగు జతల చంకకర్రలు, ఒక వీల్‌చైర్ ఉన్నాయి. మొదటి జత అతనిదే. అవసరమైనవారు ఎవరైనా, మన సంఘంవారే కానక్కర్లేదు, తీసుకెళ్లి డాక్టరు వదిలేయమన్నాక తిరిగి ఇస్తే చాలు.