మంచాన ఉన్న మనిషినీ అడిగి రాయండి



పక్షవాతం, పార్కిన్సన్స్ లాంటి జబ్బులతో మంచం పట్టినవాళ్లకు ఇంటికే నర్సును పంపాలన్న మాట ఈమధ్య తరచుగా వినిపిస్తోంది. మంచి మాటే. కానీ ఆ సేవ వల్ల రోగి బతుకు ఎంత బాగుపడిందో రాసే చోటు నేను చూసిన రిజిస్టర్లలో లేదు. తేదీ, బీపీ, షుగరు, ఇచ్చిన మందులు, ఇంటివాళ్ల సంతకం... అక్కడితో పేజీ అయిపోతుంది. ప్రభుత్వాసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరైనదాన్ని కనుక ఈ సంగతి రాయాలనిపించింది.

కొలమానాలు లేకపోలేదు. 1965 నుంచి బార్తెల్ సూచిక ఉంది. తినడం, స్నానం, బట్టలు వేసుకోవడం, మలమూత్రాల అదుపు లాంటి పది పనులకు మొత్తం నూరు మార్కులు. పనికొచ్చేదే. అయితే మా బావగారి విషయం చూడండి. ఆయనకు కుడిచెయ్యి పడిపోయింది. నర్సు ఓపిగ్గా ఎడంచేత్తో స్పూను పట్టడం అలవాటు చేసింది. బార్తెల్ లెక్కలో తిండికి పదికి పది. ఆయన మాత్రం నలుగురిలో కూర్చుని తినరు. పెళ్లి పిలుపు వస్తే "అందరి ముందూ ఎడంచేత్తో తినమంటావా?" అని అక్కని కసురుతారు. మనవలు వచ్చిన రోజున కంచం గదిలోకి తెప్పించుకుంటారు. ఆ బాధకు ఆ సూచికలో గడి లేదు.

అలాంటి గడి ప్రపంచ ఆరోగ్య సంస్థ 26 ప్రశ్నల పత్రంలో ఉంది. నిద్ర సరిగా పడుతోందా, బతుక్కి అర్థం ఉందనిపిస్తోందా, మీ రూపం మీకు సమ్మతమేనా, స్నేహితుల ఆసరా ఉందా, దిగులు ఎంత తరచుగా కమ్ముకుంటోంది అని అది రోగినే అడుగుతుంది. పార్కిన్సన్స్‌కి విడిగా 39 ప్రశ్నల పత్రం ఉంది. ఇంటివాళ్లు జవాబిస్తే రోగి పరిస్థితి ఆయన చెప్పుకునేదానికన్నా అధ్వానంగా కనిపిస్తుందని పరిశోధకులు చాలాసార్లు గమనించారు. అందుకే మాట పడిపోయినవాళ్లను కూడా బొమ్మలు చూపించో, తల ఊపమనో అడగాలి. ఇంటివాళ్ల గోడు వేరే పేజీలో రాయాలి. అర్ధరాత్రి లేచి భర్తను పక్కకి ఒత్తిగిలబెట్టే మా అక్క నిద్ర కూడా లెక్కలోకి రావాల్సిందే.

ఒక్కసారి కొలిస్తే మోసపోతాం. పక్షవాతం వచ్చిన మొదటి మూడు నెలల్లో నర్సు వచ్చినా రాకపోయినా చాలామంది ఎంతో కొంత కోలుకుంటారు. పార్కిన్సన్స్ అలా కాదు, ముదిరే జబ్బు. ఎంత బాగా చూసుకున్నా మార్కులు పడిపోతాయి. నెమ్మదిగా పడిపోతే అదే ఫలితం. కనుక సేవ మొదలయ్యే ముందు, మూడు నెలలకు, ఆర్నెల్లకు కొలవాలి. సేవ ఇంకా అందని అలాంటి రోగులతో పోల్చి చూడాలి. అడిగేది మాత్రం సేవ చేసిన నర్సు కాకూడదు. రోజూ ఒళ్లు తుడిచే అమ్మాయి ముందు మొహమాటపడి "బాగానే ఉందమ్మా" అనేస్తారు.

ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. మన దేశంలోనే 14 ఆసుపత్రుల్లో 1,250 మంది పక్షవాత రోగులతో జరిగిన 'అటెండ్' అధ్యయనం 2017లో వెలువడింది. వాళ్లలో కొందరి విషయంలో వ్యాయామాలు, సంరక్షణ ఇంటివాళ్లకే నేర్పి పంపారు. ఆర్నెల్ల తర్వాత మిగతావాళ్లతో పోల్చి చూస్తే మరణాల్లోగానీ, ఇంకొకరి మీద ఆధారపడటంలోగానీ తేడా రాలేదు. ఇంటివాళ్లకు నేర్పితే చాలు, నర్సెందుకు అనేవాళ్లు ఆ ఫలితం చూడాలి. నర్సు వస్తే అంతా సర్దుకుంటుందని నమ్మే నాలాంటివాళ్లమూ చూడాలి. నమ్మకం ఎంత గట్టిదైనా కొలిచి నిరూపించాల్సిందే.

ఆంధ్రప్రదేశ్‌లో పక్షవాతంతో మంచానికే పరిమితమైనవాళ్లకు నెలకు 15,000 రూపాయల పింఛను సచివాలయ సిబ్బంది ఇంటికే తెచ్చి ఇస్తున్నారు. తెలంగాణలో 'ఆలన' ఉపశమన సేవా బృందాలు ఇళ్లకు వెళ్తున్నాయి. గడప దాకా వెళ్తున్నారు కాబట్టి మంచం దాకా వెళ్లి నాలుగు ప్రశ్నలు అడగడం కష్టమేమీ కాదు. రెండు రాష్ట్రాల వైద్య ఆరోగ్య శాఖలు కనీసం ఒక్కో జిల్లాలో, మామూలు తెలుగులో ఉన్న ప్రశ్నలతో, ఈ ఏడాదే ఈ పని మొదలుపెట్టాలని, వచ్చిన ఫలితాలు మంచివైనా కాకపోయినా అందరికీ తెలిసేలా ప్రకటించాలని ఈ పత్రిక ద్వారా కోరుతున్నాను.

- ఒక విశ్రాంత స్టాఫ్ నర్సు, తెనాలి