కత్తి కంటే ముందు కరెంటు

“గడ్డ ఉందని తేలిపోయింది కదా డాక్టర్ గారూ, రేపే కోసి తీసేయండి.”

మలాశయంలో, అంటే రెక్టమ్‌లో కేన్సర్ అని చెప్పగానే ఇంటివాళ్ల నోటి నుంచి వచ్చే మొదటి మాట ఇది. సర్జన్‌నై ఉండి నేనే “ఆపరేషన్ ఇప్పుడే వద్దు” అంటే వాళ్లకి అనుమానం. చెయ్యి దాటిపోయిందేమో, అందుకే వాయిదా వేస్తున్నానేమో అని. కొందరు ఇంకో ఆసుపత్రికి పోతారు, కొందరు నాటు మందులవైపు. అసలు సంగతి వేరు. ఈ వారం అదే మాట్లాడుకుందాం.

ముందు రిపోర్టులోని ‘లోకల్లీ అడ్వాన్స్‌డ్’ అనే ముక్క. అడ్వాన్స్‌డ్ అని చూసి చివరి స్టేజి అనుకోకండి. గడ్డ పేగు గోడను దాటి చుట్టూ ఉన్న కొవ్వులోకో, పక్క అవయవంలోకో పాకింది, లేదా దగ్గరి లింఫ్ గ్రంథులకు చేరింది. కాలేయానికి, ఊపిరితిత్తులకు మాత్రం పోలేదు. అంతే. సాధారణంగా ఇది 2 లేదా 3వ స్టేజి. పూర్తిగా నయం చేయాలనే లక్ష్యంతోనే వైద్యం మొదలుపెట్టే దశ.

మరి కోత ఎందుకు ఆపుతాం? పెద్దపేగు పైభాగంలో, అంటే కోలన్‌లో అయితే ఎక్కువగా ముందు ఆపరేషనే. తర్వాత అవసరాన్ని బట్టి 3 నుంచి 6 నెలల కీమో. రెక్టమ్ అలా కాదు. అది తుంటి ఎముకల మధ్య ఇరుకులో ఉంటుంది. ముందువైపు మగవాళ్లకి మూత్రాశయం, ప్రోస్టేట్, ఆడవాళ్లకి గర్భసంచి. పక్కల్లో మూత్రాన్నీ, సెక్స్ సామర్థ్యాన్నీ నడిపే నరాలు. కింద మలాన్ని ఆపే కండరం. ఇంత ఇరుకులో గడ్డ అంచుకు తగులుతూ కోస్తే, కేన్సర్ అక్కడే మళ్లీ మొలిచే ముప్పు పెరుగుతుంది. అందుకే ముందు ఎంఆర్‌ఐ తీసి గడ్డ ఎక్కడిదాకా పాకిందో చూస్తాం. ఆ తర్వాత రేడియేషన్, కీమోలతో దాన్ని కుదిస్తాం.

ఇది నా సొంత అభిప్రాయం కాదు. 2004లో జర్మనీ డాక్టర్లు ఒక పెద్ద అధ్యయనం ప్రచురించారు. రేడియేషన్, కీమో కలిపి ఆపరేషన్‌కి ముందు తీసుకున్నవాళ్లలో 5 ఏళ్లలో అదే చోట కేన్సర్ తిరిగొచ్చింది 6 శాతం మందికి. ఆపరేషన్ తర్వాత తీసుకున్నవాళ్లలో 13 శాతం మందికి. ఆయుష్షులో తేడా రాలేదు గానీ, అక్కడ తిరిగొచ్చిన కేన్సర్ పెట్టే నొప్పి చూసినవాళ్లకి ఈ తేడా విలువ తెలుస్తుంది.

మన దగ్గర రేడియేషన్‌ని ‘కరెంటు పెట్టడం’ అంటారు. కరెంటూ కాదు, షాకూ కొట్టదు. ఎక్స్‌రే లాంటి కిరణాలే, బలం ఎక్కువ. కొందరికి 5 రోజుల్లో అయిపోతుంది. కొందరికి కీమో మాత్రలతో పాటు 5 వారాల పైన పడుతుంది. ఇప్పుడు చాలామందికి మిగతా కీమో కూడా ఆపరేషన్‌కి ముందే ఇచ్చేస్తున్నాం.

ఇక్కడే ఒక వింత. కొందరిలో ఈ వైద్యానికే గడ్డ కనబడకుండా పోతుంది. అలాంటివాళ్లకి కోత పెట్టకుండా కనిపెట్టుకుని ఉండే పద్ధతికి దారి వేసింది బ్రెజిల్ సర్జన్ ఏంజెలీటా హబ్ర్ గామా. మొదట్లో చాలామంది నమ్మలేదు. 2022లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనంలో, ఇలా ముందుగా వైద్యం తీసుకున్నవాళ్లలో సుమారు సగం మందికి 3 ఏళ్ల తర్వాత కూడా రెక్టమ్ తీయాల్సిన పని పడలేదు.

కానీ ఒక షరతు. నెలల లెక్కన పరీక్షలకు రావాలి. వేలితో పరీక్ష, స్కోపీ, ఎంఆర్‌ఐ. గడ్డ తిరిగి పెరిగితే ఎక్కువగా మొదటి 2 ఏళ్లలోనే పెరుగుతుంది. అప్పుడే పట్టుకుంటే చాలామందికి ఆపరేషన్‌తో సరిచేయొచ్చు. “తగ్గిపోయిందిగా” అని మాయమైపోయేవాళ్లే నాకు నిద్ర పట్టనివ్వరు. ఆపరేషన్ అవసరమైనవాళ్లూ అంతే. రక్తం ఆగింది, నొప్పి తగ్గింది అని మధ్యలో మానేస్తే చేసిన వైద్యమంతా నీళ్లపాలు.

బయాప్సీ ముక్క మీద ‘ఎంఎంఆర్’ పరీక్ష చేశారా అని కూడా అడగండి. 2022లో న్యూయార్క్‌లో ఒక తరహా జన్యు లోపమున్న 12 మంది రెక్టమ్ కేన్సర్ పేషెంట్లకి డోస్టార్లిమాబ్ అనే ఇమ్యూనోథెరపీ మందు ఇస్తే, అందరిలోనూ గడ్డ మాయమైంది. కరెంటూ లేదు, కోతా లేదు. అయితే ఈ లోపం ఉండేది కొద్దిమందిలోనే. వాట్సాప్‌లో తిరిగినట్టు అందరికీ పనిచేసే మందు కాదు.

పాతికా, ముప్ఫై ఏళ్లవాళ్లు సిగ్గుపడకుండా ఇంకో మాట అడగాలి: “తర్వాత నాకు పిల్లలు పుడతారా?” ఆ ప్రాంతానికి రేడియేషన్ ఇస్తే అండాశయాలు, వీర్యం దెబ్బతినొచ్చు. వీర్యమో, అండాలో దాచుకోవాలంటే మొదలుపెట్టకముందే. పొట్ట మీద సంచి గురించీ అడగండి. చాలామందికి అది కొన్ని నెలలే. కండరాన్ని కూడా తీసేయాల్సి వస్తేనే జీవితాంతం. డబ్బు సంగతికొస్తే, కేన్సర్ ఆపరేషన్, కీమో, రేడియేషన్ ఆరోగ్యశ్రీలో ఉన్నాయి. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే లాంటి సర్కారీ కేన్సర్ ఆసుపత్రి కూడా ఉంది.

ఈ వయసులో మనకెందుకొస్తుంది అనుకోకండి. ‘బ్లాక్ పాంథర్’ హీరో చాడ్విక్ బోస్‌మన్‌కి కోలన్ కేన్సర్ బయటపడింది 2016లో, అప్పటికే 3వ స్టేజి. 2020లో 43 ఏళ్లకే పోయాడు.

మలంలో రక్తం పడితే ఎక్కువసార్లు మొలలే. కానీ ఆ మాట పరీక్ష చేసిన డాక్టర్ చెప్పాలి, మెడికల్ షాపు కుర్రాడు కాదు. వారాల తరబడి రక్తం, విరేచనం తీరు మారడం, కారణం లేకుండా బరువు తగ్గడం, హిమోగ్లోబిన్ పడిపోవడం... వీటిలో ఏది ఉన్నా వెళ్లండి. వేలితో చేసే పరీక్షకి ఒక్క నిమిషం పడుతుంది. కింది భాగంలో ఉన్న చాలా గడ్డలు ఆ ఒక్క నిమిషంలోనే చేతికి తగులుతాయి.