చక్రాల మీద ఇల్లు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. చక్రాల మీద ఇల్లు కట్టి చూడమని మాత్రం ఎవరూ అన్నట్టు లేదు. ఆ లోటు మా బావమరిది తీర్చాడు.

మా అమ్మకు 78 ఏళ్ళు. మాఘ పౌర్ణమినాడు హంసలదీవిలో, కృష్ణమ్మ సముద్రంలో కలిసేచోట, ఒక్కసారి మునగాలని ఆవిడ కోరిక. మా కృత్తివెన్నుకు హంసలదీవి కాశీ అంత దూరమేమీ కాదు. కాని మోకాళ్ళ నొప్పులతో బస్సు మెట్టు ఎక్కలేదు. దారిలో అవసరం వస్తే ఎక్కడికి వెళ్ళాలో తెలియక, ప్రయాణమంటే ముందురోజే మంచినీళ్ళు మానేస్తుంది. “నేను రానులేరా, మీరు వెళ్ళిరండి” అని మూడేళ్ళుగా అంటోంది.

ఇంతలో మా బావమరిది పాత వ్యాను ఒకటి కొన్నాడు. “బావగారూ, దీన్ని ఇల్లు చేసేద్దాం. అత్తయ్యగారిని మహారాణిలా తీసుకువెళదాం” అన్నాడు. నేను వెంటనే ఏనుగుల వీరాస్వామయ్యగారిని సాక్ష్యానికి పిలిచాను. 1830 మే నెలలో చెన్నపట్నం నుంచి బోయీలతో, డేరాలతో బయలుదేరి, కాశీయాత్ర ముగించి 1831 సెప్టెంబరులో ఇల్లు చేరిన మహానుభావుడాయన. ఇంటిని వెంటబెట్టుకు తిరగడం మనవాళ్ళకు కొత్త కాదని ఉపన్యసించాను. తెలుగు మేష్టరుకు సుత్తి పట్టడం రాకపోయినా సాక్ష్యాలు చెప్పడం వచ్చు గదా!

నెల్లాళ్ళు పని సాగింది. వ్యాను పైన నూరు లీటర్ల నీళ్ళ తొట్టి. లోపల ఎడమ పక్కంతా టేకు బీరువా. ఒక మూల గ్యాసు పొయ్యి, ఇంకో మూల టెలివిజను. చూడవచ్చిన వాళ్ళంతా భేష్ అన్నారు. అమ్మ మాత్రం ఏమీ అనలేదు.

పరీక్షకని 216వ నంబరు జాతీయ రహదారి మీద పెడన వైపు బయలుదేరాం. ఒక మలుపులో గేదె అడ్డం వచ్చింది. బావమరిది బ్రేకు వేశాడు. పైన తొట్టిలో నీళ్ళు ఒక్కసారి ఒక పక్కకు పొర్లాయి. బండి ఒరిగి, ఒక క్షణం ఆలోచించి, మళ్ళీ నిలబడింది. బీరువా తలుపు తెరుచుకుని ఆవకాయ జాడీ అమ్మ కాళ్ళ దగ్గర పడి బద్దలైంది. అదృష్టవశాత్తూ ఎవరికీ దెబ్బ తగలలేదు. ఇంటికి వచ్చేదాకా ఎవరూ మాట్లాడలేదు.

రాత్రి భోజనాల దగ్గర అమ్మే నోరు విప్పింది.

“మా నాన్న గూడు బండి కట్టేటప్పుడు ముందు బరువు చూసుకునేవాడురా. ముందు ఎక్కువైతే ఎద్దుల మెడలు పుండ్లు పడతాయి, వెనక ఎక్కువైతే కాడి లేచిపోతుంది. బరువంతా కింద, ఇరుసు దగ్గర ఉండాలి. నెత్తిమీద నీళ్ళ కుండ పెట్టుకుని పరుగెత్తేవాడు ఎవడైనా ఉన్నాడా? అయినా, ఈ ఇల్లు నాకోసమన్నారే, నా కాలు ఎంతెత్తు లేస్తుందో ఒక్కరైనా అడిగారట్రా?”

మేమిద్దరం కంచాలలోకి చూశాం.

మర్నాడు మెకానిక్కు చెప్పిందీ అదే. నూరు లీటర్లంటే నూరు కిలోలు. అది ఎంత పైన ఉంటే బండి అంత తేలికగా ఒరుగుతుంది. తొట్టి దింపేశాం. 20 లీటర్ల డబ్బాలు రెండు నేలమీద కట్టాం. బీరువా పోయి గుడ్డసంచులు వచ్చాయి. పొయ్యి బయటికి వెళ్ళింది. వంట చెట్టుకిందే. కారిన గ్యాసు గాలికంటె బరువై నేలబారున నిలుస్తుంది. మూసిన బండిలో మంట పెడితే వాసన లేని విషవాయువు పుట్టి, నిద్రలోనే ప్రాణం తీయవచ్చు. ఉప్పుగాలికి ఇనుము తినిపోతుందని తుప్పు పట్టని స్టెయిన్‌లెస్ మరలు వేయించాం. విడిగా పెట్టిన లిథియం బ్యాటరీ 12 వోల్టులది, 100 ఆంపియర్-గంటలది. అంటే సుమారు 1200 వాట్-గంటలు. 25 వాట్ల ఫ్యానుకు రెండు రాత్రులు ధారాళంగా సరిపోతుంది. అదే వెయ్యి వాట్ల ఏ.సి. అయితే గంటకే చేతులెత్తేస్తుంది.

ఇంకొక మాట. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలకు భిన్నంగా బండిని మన ఇష్టం వచ్చినట్టు మార్చరాదు. 2019లో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. కనుక మేము సీట్లు పీకలేదు. వెనుక ఎదురెదురుగా ఉన్న రెండు సీట్ల మధ్య పలక వేస్తే మంచం, తీస్తే మళ్ళీ బండి. మంచం ఆగినప్పుడే; నడిచేటప్పుడు అందరూ బెల్టులు పెట్టుకుని కూర్చోవలసిందే. మీరూ ఇటువంటి ప్రయత్నం చేసేటట్టయితే, సుత్తి పట్టకముందే రవాణా కార్యాలయానికి వెళ్ళండి.

చివరికి అమ్మను అడిగాం. ఆవిడ కాలు ఆరంగుళాలు లేస్తుంది. ఆరేసి అంగుళాల ఎత్తున మడత మెట్లు, పట్టుకోవడానికి ఒక కమ్మీ, వెనుక తెర చాటున మూత ఉన్న కమోడ్ కుర్చీ. మొత్తం మీద అన్నిటికంటె తక్కువ ఖర్చయినవి ఇవే.

మాఘ పౌర్ణమికి తెల్లవారుజామున బయలుదేరాం. బందరు దాటాం. చల్లపల్లి దగ్గర అమ్మ వెనక్కి తిరిగి మా ఆవిడతో, “అమ్మాయ్, కాసిని మంచినీళ్ళు ఇలా ఇయ్యి” అంది.

గ్లాసు నిండా తాగింది.