ఊరి వైద్యశాలకు చేరవలసిన సొమ్ము

ఇంటి జమాఖర్చులు చూచుకొను గృహిణులకు బియ్యము, పప్పు, పాలు, పిల్లల చదువు వీనికెంత కావలయునో నెల మొదటనే తెలియును. వైద్యమున కెంత కావలయునో మాత్రము తెలియదు. అది చెప్పిరాని ఖర్చు. వచ్చినప్పుడు వైద్యుని రుసుముతోను, మందుల వెలతోను తీరదు. పట్టణమునకు పోవు ప్రయాణపు ఖర్చు, తోడు వచ్చినవారు పోగొట్టుకొన్న కూలి, ఇంట విడిచిపోయిన పసివాని సంరక్షణ, ఇవన్నియు దాని వెంట నడచును. కావుననే తన జబ్బును రేపు చూచుకొందమని వాయిదా వేయునది తరచుగా ఇల్లాలే. ఊరి వైద్యశాలకు ప్రభుత్వము వెచ్చించు ధనమును గూర్చి ఈ మాసము మా సోదరీమణులతో నాలుగు మాటలు చెప్పదలచుటకు ఇదియే కారణము.

వైద్యము ఇంటికి చేరువలో నుండవలయునను ఆలోచన క్రొత్తది కాదు. సర్ జోసెఫ్ భోర్ గారి యధ్యక్షతను 1943లో ఏర్పడిన సంఘము 1946లో తన నివేదికను సమర్పించెను. సొమ్ము చెల్లింపలేని కారణమున ఎవరికిని వైద్యము దొరకకపోరాదని ఆ నివేదిక సారాంశము. 1952 అక్టోబరు 2వ తేదీన ఆరంభమైన సమాజాభివృద్ధి పథకముతో పాటు ప్రాథమికారోగ్య కేంద్రములు మన పల్లెలకు వచ్చినవి. పిమ్మట ఏర్పడిన నియమము ననుసరించి మైదాన ప్రాంతములలో 30,000 మందికి, కొండ ప్రాంతములలోను గిరిజన ప్రాంతములలోను 20,000 మందికి ఒక కేంద్ర ముండవలయును. దాని క్రింద 5,000 మందికో, 3,000 మందికో ఒక ఉపకేంద్రము ఉండవలయును. 2018 నుండి వీనిలో రక్తపుపోటు, మధుమేహము మున్నగువానిని ముందే కనిపెట్టు పరీక్షలను కూడ చేర్చి, 2023లో ఆయుష్మాన్ ఆరోగ్య మందిరములను పేరు పెట్టిరి.

పేరెట్లున్నను, వైద్యశాల గోడలతో నడవదు. వైద్యుడు, నర్సు, మందులు, పరీక్షల సామగ్రి ఏటేట తప్పక చేరుచుండవలయును. భవనమునకు సొమ్ము ఒకసారి పెట్టిన చాలును; పనివారికిని మందులకును ప్రతి సంవత్సరము పెట్టవలయును. మొదటిదానికి శంకుస్థాపన ఉత్సవ మున్నది. రెండవదానికి ఉత్సవము లేదు. అందువలన మరుగున పడునది ఈ రెండవదియే.

2017 నాటి జాతీయారోగ్య విధానము, ప్రభుత్వము ఆరోగ్యముపై చేయు వ్యయము 2025 నాటికి దేశపు స్థూలోత్పత్తిలో నూటికి 2.5 వంతులు కావలయుననియు, అందు మూడింట రెండు వంతులు ప్రాథమిక వైద్యమునకే చెందవలయుననియు లక్ష్యము పెట్టుకొనెను. 2021-22 లెక్కలలో ఆ వ్యయము 1.84 వంతులు మాత్రమే. ఆ యేట దేశమున వైద్యమునకైన ప్రతి 100 రూపాయలలో 39 రూపాయలకు పైగా జనులు తమ చేతినుండియే పెట్టుకొనిరి. 2013-14లో ఇది 64 రూపాయలు. తగ్గుట సంతోషమే గాని, ఆ 39 రూపాయలు ఏ యింటి పోపులడబ్బానుండి వచ్చినవో మన స్త్రీలకు వేరుగా చెప్పనక్కరలేదు.

2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున ఆరంభమైన ఆరోగ్యశ్రీ, పెద్ద చికిత్సలు చేయించి ఎన్నియో కుటుంబములను అప్పులపాలు కాకుండ కాచినది. దానిని మేము తక్కువ చేయము. కాని అది ముఖ్యముగా జబ్బు ముదిరి ఆసుపత్రిలో చేరిన పిమ్మట అందు సాయము. రక్తపుపోటునకు దినమునకొక మాత్ర దొరకక, ఒకనాడు పక్షవాతముతో పడిపోయిన తల్లికి ఎంత గొప్ప ఆసుపత్రి మాత్రము పోయిన చేతిని పూర్తిగా తెచ్చియీయగలదా? ఇల్లు కాలినప్పుడు బావి త్రవ్వుట యన నిదియే. ఊరి వైద్యశాలపై పెట్టు రూపాయి ముందుగా త్రవ్వుకొన్న బావి.

ఊరి వైద్యశాలకు జనులు పోవుటయే లేదు గదా, దానికి సొమ్మెందుకని కొందరందురు. రెండుమారులు పోయి వైద్యుడు లేడనియు, మందు లేదనియు విని వచ్చినవారు మూడవమారు ఎట్లు పోదురు? జనులు రానిది సొమ్ము తగ్గించుటకు కారణము కారాదు. ఉన్న సొమ్మును వైద్యుడు, మందు తప్పక దొరకునట్లు వెచ్చించుటకు కారణము కావలయును.

ఇందు మన చేతిలో నున్నదియు కొంత కలదు. పదునైదవ ఆర్థిక సంఘము 2021-26 సంవత్సరములకు స్థానిక సంస్థల ద్వారా ఆరోగ్యమునకై 70,051 కోట్ల రూపాయలు సిఫారసు చేసెను. ఉపకేంద్రముల భవనములును, పరీక్షల సామగ్రియు అందలి పద్దులే. 2005లో ఆరంభమైన జాతీయ గ్రామీణారోగ్య పథకము, ఊరూర ఒక ఆరోగ్య పారిశుద్ధ్య సంఘమును, దానికి ఏటికి 10,000 రూపాయల వరకు చిల్లర నిధిని ఏర్పరచెను. ఆ సంఘమున సగమునకు తక్కువ గాకుండ స్త్రీలుండవలయునని మార్గదర్శకములు చెప్పుచున్నవి. ఆ స్త్రీలు మనలోనివారే. వారు కేవలము వ్రేలిముద్రకో సంతకమునకో పిలువబడువారు కారాదు.

కావున మా విన్నప మిది. ఈమారు గ్రామసభ జరిగినప్పుడు ఇరుగుపొరుగు స్త్రీలను వెంటబెట్టుకొని పోవుడు. ఈ యేట మన వైద్యశాలకు ఎంత సొమ్ము వచ్చినది? అందులో మందులకెంత? వైద్యుడు, నర్సు ఏ దినములలో ఏ వేళల నుందురు? ఈ మూడును మర్యాదగా, పదిమంది యెదుట అడుగుడు. సమాధానము రాకున్న మరల అడుగుడు. పచారీకొట్టు చీటీలో ఒక్క రూపాయి తేడాను పసిగట్టగల మన గృహిణులకు ఊరి వైద్యశాల లెక్క అర్థము కాకపోదు.