రిపోర్టు నార్మల్ అంటే బాధ లేదని కాదు

ఎండోస్కోపీలో పుండు లేదని తెలిసిన రోగికి నర్సులమైన మేము సాధారణంగా చెప్పే మాట, "ఏమీ లేదు, భయపడకండి" అని. ధైర్యం చెప్పాలనే అంటాము. కాని ఆ మాట ఇంటికి చేరేసరికి అర్థం మారిపోతుంది. మా ఓపీకి వచ్చిన ఒక తల్లి, "ఏమీ లేదన్నారు కదా అని ఇంట్లో ఎవరూ నన్ను నమ్మడం లేదమ్మా. రాత్రిళ్లు గొంతు దాకా మంట వచ్చి లేచి కూర్చుంటున్నాను" అని కన్నీళ్లు పెట్టుకుంది. అందుకే ఇకమీదట మేము ఆ మాట మానుకోవాలని మా అభిప్రాయం.

అన్నవాహిక చివర కండరంతో చేసిన బిగువైన వలయం ఉంటుంది. అది వదులైనప్పుడు కడుపులోని ఆమ్లం పైకి వచ్చి ఛాతీలో మంట, పులితేన్పులు కలుగుతాయి. ఇలా బాధపడేవారిలో సగానికి పైగా మందికి ఎండోస్కోపీలో పుండు కనిపించదు. లోపలి పొర పైకి బాగానే ఉన్నా అక్కడి నరాలు ఆమ్లాన్ని పసిగడతాయి. కొందరికి కొద్దిపాటి ఆమ్లమే ఎక్కువ మంటగా తెలుస్తుంది. దిగులు, నిద్రలేమి దాన్ని ఇంకా పెంచుతాయి. ఇది నటన కాదు, జబ్బే. అయితే ఈ రకంలో ఎక్కువమందికి పెద్ద చిక్కులు రావు. రోగికి మేము చెప్పవలసిన ధైర్యం ఇదే.

మరి ఏం చేయాలి?

• రాత్రి భోజనానికీ పడకకూ మధ్య 3 గంటలు ఉండాలి. కడుపు నిండా ఒకేసారి తినకుండా కొంచెం కొంచెంగా తినాలి.
• మంచం తలవైపు కోళ్ల కింద చెక్కదిమ్మలు పెట్టి 6 నుండి 8 అంగుళాలు ఎత్తు చేయాలి. రెండు దిండ్లు పెట్టుకుంటే మెడ మాత్రమే వంగుతుంది, లాభం లేదు. ఎడమ పక్కకు తిరిగి పడుకోవడం మంచిది.
• తిన్న వెంటనే వంగి నాట్లు వేయడం, బరువులెత్తడం వద్దు. బరువు ఎక్కువగా ఉంటే తగ్గాలి. పొగ, మద్యం మానాలి.
• కారం, పచ్చళ్లు, టీ అందరికీ పడకపోవని కాదు. ఏది తిన్నప్పుడు మంట వస్తుందో గమనించి దాన్నే తగ్గించండి.

ఒమెప్రజోల్ వంటి బిళ్లను డాక్టరు రాసిస్తే, టిఫినుకు అరగంట ముందు పరగడుపున వేసుకోవాలి. తిన్న తర్వాత వేసుకుని "పని చేయలేదు" అనేవారిని మేము రోజూ చూస్తున్నాము. సాధారణంగా 4 నుండి 8 వారాలు వాడి చూస్తారు. పుండు లేనివారిలో ఈ మందు కొందరికి పూర్తిగా పనిచేయదు. అప్పుడు మీ అంతట మీరు మోతాదు పెంచవద్దు, మెడికల్ షాపులో కొని ఏళ్ల తరబడి మింగవద్దు. అన్నవాహికలో ఆమ్లాన్ని 24 గంటలు కొలిచే పరీక్ష పెద్ద ఆసుపత్రులలో ఉంది. అవసరమా కాదా అన్నది డాక్టరు చెబుతారు.

మింగడం కష్టమైనా, కారణం లేకుండా బరువు తగ్గినా, నల్లటి విరేచనం లేదా రక్తపు వాంతి అయినా ఆలస్యం చేయకండి. ఛాతీ నొప్పితో చెమటలు, ఆయాసం, చెయ్యి లాగడం ఉంటే గ్యాస్ అనుకోక ముందు ఇ.సి.జి. తీయించుకోండి.

ఇంట్లోవారికి మా మనవి ఒక్కటే. రిపోర్టు చూసి సరిపెట్టుకోకండి. "రాత్రి నిద్ర పట్టిందా?" అని అడగండి. మేమూ మా వార్డులలో అదే అడుగుతాము.