బుట్టయొద్ద కావలి: మన బాలురకు తగిన పద్ధతి యేది?

ఈ సంవత్సరము మన పాఠశాలలో బాస్కెట్‌బాలు ఆటను గూర్చి జరిగినంత చర్చ మఱి యే విషయమును గూర్చియు జరుగలేదు. మన వ్యాయామోపాధ్యాయులవారు జట్టునకు జోను పద్ధతి నేర్పినారు. ప్రత్యర్థుల వెంట పరుగిడక, తమ బుట్టయెదుట ఇద్దఱును, వారి వెనుక మువ్వురును నిలిచి, ఎవరి చోటు వారు కాచుకొనుటయే యీ పద్ధతి. ఇది బుద్ధిమంతమైన యేర్పాటని కొందఱును, మన బాలుర కాళ్లకు సంకెల యని కొందఱును అనుచున్నారు. తలిదండ్రులు పలువురు మా యభిప్రాయ మడిగినందున, మాకు తోచిన దిచట వ్రాయుచున్నాము.

ఈ ఆటకును మిషను విద్యకును పుట్టుకనుండియు సంబంధము కలదు. 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డు పట్టణమున, వై.యమ్.సి.ఏ. వారి శిక్షణ కళాశాలలో ఉపాధ్యాయుడైన జేమ్సు నైస్మిత్తు, పండ్లబుట్టలు రెండు వ్రేలాడదీయించి, 13 నియమములతో దీనిని కల్పించెను. బాలురు ఒకరినొకరు త్రోచి పడవేయకుండుటకై బంతి చేతబట్టి పరుగిడరాదని నిషేధించెను. నాడు బుట్ట కట్టిన 10 అడుగుల యెత్తు నేటికిని మారలేదు. మన దేశమున హ్యారీ క్రో బక్కు దొరగారు 1920లో మదరాసునందు వై.యమ్.సి.ఏ. వ్యాయామ విద్యాలయమును స్థాపించిరి. ఆకాలమున మన ప్రాంతము మదరాసు రాజధానిలోనిదే. దేహబలముకంటె నేర్పునకును, ఒకరికొకరు తోడ్పడుటకును పెద్దపీట వేయుట యీ ఆట స్వభావము. కావున పొట్టివారికిని, బక్కపలుచనివారికిని దీనియందు చోటుండక తప్పదు.

మొదట వ్యాయామోపాధ్యాయులవారి పక్షము చెప్పుట న్యాయము. జోను పద్ధతిలో పరుగు తక్కువ. మన ఎండలలో నిది చిన్న మేలు కాదు. ఒకడు పొరబడినయెడల ప్రక్కవాడు వెంటనే ఆదుకొనగలడు. ప్రత్యర్థిని వెంబడించి మీదపడు సందర్భములు తక్కువగుటచే ఫౌలులును తగ్గును. ఐదు ఫౌలులైన ఆటగాడు మైదానము విడువవలెను గదా! పరీక్షల నడుమ దొరకిన కొలది సాయంత్రములలో త్వరగా నేర్పదగిన పద్ధతియు నిదియే. ఇంత ఆలోచించి చేసిన యేర్పాటును తేలికగా నిందించుట తగదు.

అయినను మన జట్టును చూడుడు. మన బాలురలో పొడగరులు అరుదు. చుట్టుపట్ల మెట్టగ్రామములనుండి సైకిళ్లమీదను, కాలినడకను వచ్చువారే పెక్కుమంది. వారికి దేవుడిచ్చిన సంపద కాళ్ల వేగమును, దమ్మును. బుట్టక్రింద గుంపుగా నిలువబెట్టినచో ఆ సంపద వ్యర్థమగును. లేని యెత్తుతోడనే పోరాడవలసి వచ్చును. గురి తప్పి పైకెగిరిన బంతి పొడుగువాని చేతికే పోవును. అంతేకాదు, ఎవరి చోటు వారు కాచునపుడు ఏ ప్రత్యర్థిని ఎవ్వరు అడ్డవలెనో తెలియక, వాడు వెనుకనుండి వచ్చి బంతి నందుకొనుటయు కలదు.

మఱియొక సంగతి. దూరమునుండి వేసిన బంతికి మూడు పాయింట్లిచ్చు నియమమును అంతర్జాతీయ బాస్కెట్‌బాలు సంఘమువారు 1984లో ప్రవేశపెట్టిరి. ఇప్పుడా గీత బుట్టకు 6.75 మీటర్ల దూరమున నున్నది. అంతకు పూర్వము బుట్టచుట్టును మూగి కాచుట లాభకరమే. దూరపు గురి తగిలినను రెండు పాయింట్లే. ఇప్పుడట్లు మూగినవారు, గురిగలవానికి మూడు పాయింట్లు ఎదురిచ్చినట్లే. మఱియు మైదానము పొడవు 28 మీటర్లు. ప్రత్యర్థులు 8 సెకండ్లలో సగము మైదానము దాటవలెను; 24 సెకండ్లలో బంతి వేయవలెను. ఆ గడియారము వేగముగల జట్టునకు స్నేహితుడు. మనము వెనుకకు పోయి నిలుచున్నచో ఆ స్నేహితుని సాయము వదలుకొన్నవారమే.

అమెరికాలో జాన్ వుడెన్ అను శిక్షకుని చరిత్ర యిచట స్మరింపదగినది. ఆయన మొదట ఉన్నత పాఠశాలలో ఇంగ్లీషు ఉపాధ్యాయుడు, భక్తిగల క్రైస్తవుడు. 1963-64లో ఆయన శిక్షణలోని లాస్ ఏంజెల్సు విశ్వవిద్యాలయపు జట్టులో ప్రథమస్థానముల నాడు ఐదుగురిలో ఒక్కడైనను 6 అడుగుల 5 అంగుళములకు మించినవాడు లేడు. ఆ దేశపు లెక్కలో నది పొట్టి జట్టు. ఆయన వారిని బుట్టక్రింద నిలుపక, మైదానము పొడుగునను పరచి, ప్రత్యర్థి బంతి నందుకొన్న క్షణమునుండి అడ్డగింపజేసెను. ఆ జట్టు ఆడిన 30 ఆటలును గెలిచెను. తరువాత ఏడడుగులు మించిన యువకు డొకడు చేరగా, అదే శిక్షకుడు ఆటను ఆ యువకుని చుట్టును అల్లి, 1967, 1968, 1969 సంవత్సరములలో వరుసగా జాతీయ విజయము లందెను. పద్ధతికొఱకు మనుష్యులను వంపలేదు. మనుష్యులను చూచి పద్ధతిని మార్చెను.

ఇది మన రైతులకు తెలియని విద్య కాదు. కొల్లేటి ప్రక్క పల్లపు నేలలో వరి వేసిన చేయి, జంగారెడ్డిగూడెపు మెట్టలో పొగాకు వేయును. సౌలు రాజు కవచము మంచిదే. కాని అది దావీదునకు అలవాటులేనిది గనుక, అతడు దానిని విడిచి, తాను నేర్చిన వడిసెలతోనే గొల్యాతు నెదుర్కొనెను.

మైదానమంతయు కాచుటకు ఐదుగురి దమ్ము చాలదందురు. నిజమే. అందుచేతనే మే మా పద్ధతిని కోరుచున్నాము. జట్టులో పండ్రెండుగురు పేర్లు వ్రాయుచున్నాము; ఏడుగురు సంవత్సరమంతయు బల్లమీద కూర్చుండి నీళ్లసీసా లందించుచున్నారు. అలసినవానికి మాఱుగా మఱియొకడు దిగవలసిన ఆటయైనచో, ఆ యేడుగురును ఆటగాండ్రగుదురు. పరుగు చాలనివానికి బుట్టయొద్ద కడపటి కావలి యీయవచ్చును. శరీరమునందు ప్రతి యవయవమునకును పని కలదని అపొస్తలుడు బోధింపలేదా? పాఠశాల ఆట కప్పు కొఱకు మాత్రమే కాదు. ఆ పండ్రెండుగురు బాలుర కొఱకు.

కావున మా మనవి యిది. జోనును పూర్తిగా విడువనక్కఱలేదు. ఫౌలులు పెరిగినపుడు, బాలురు డస్సినపుడు అదియే ఆశ్రయము. మొదటి నేర్పు మాత్రము మనిషికి మనిషి కాపుగా నుండవలెను. ఒక టర్ము అట్లు ఆడించి, ప్రత్యర్థులు పాయింట్లు బుట్టక్రిందనుండి ఎన్ని, దూరమునుండి ఎన్ని గెలిచిరో ఒక పుస్తకమున వ్రాయించి, దానిని చూచి నిర్ణయింపవలెను. ఎండ తగ్గిన పిమ్మటనే అభ్యాసము పెట్టవలెను. అంతకుముందు హాస్టలు పిల్లల కడుపులో ఇంత ఆహారము పడునట్లు చూచుట పెద్దల విధి. బాలురారా! నిర్ణయమేదైనను, మైదానములో మాత్రము మీ మాష్టరుగారి మాటయే మాట. సందేహములున్నయెడల ఆట ముగిసిన పిదప వినయముతో అడుగుడు. వారు సంతోషముతో చెప్పుదురు.