గింజ ఆహారం, సారం ఔషధం: వంటింటి సీబీడీ నూనెపై చెరిగిపోతున్న గీత

ఉత్తరాఖండ్‌లోని కుమావూ కొండల్లో భాంగ్ గింజల పచ్చడి తరతరాల వంటకం. గింజలను దోరగా వేయించి, జీలకర్ర, పచ్చిమిర్చి, ఉప్పుతో నూరి, నిమ్మరసం పిండుతారు. నేపాల్‌లోనూ ఈ గింజలతో పచ్చళ్లు చేసుకుంటారు. అవి గంజాయి మొక్క గింజలే. అయినా తిన్నవారికి మత్తెక్కదు. మత్తునిచ్చే టీహెచ్‌సీ గానీ, మత్తివ్వని సీబీడీ గానీ గింజలో తయారుకావు. పూత మీద, దాన్ని అంటిపెట్టుకున్న చిన్న ఆకుల మీద ఉండే జిగురు గ్రంథుల్లో అవి పుడతాయి. గింజకు అంటేది ఆ జిగురులో ఏ కొంచెమో మాత్రమే.

దేశంలో చట్టం నిలబడింది ఈ తేడా మీదే. అయితే నొప్పులకు, నిద్రకు, ఆందోళనకు మంచిదన్న ప్రచారంతో సీబీడీ నూనె ఆన్‌లైన్‌లో ఇళ్లకు చేరుతోంది. కూరలో, నెయ్యిలో, టీలో కలుపుకోమనే సలహాలూ దాని వెంటే వస్తున్నాయి. దాంతో గింజల నూనె ఏదో, సీబీడీ నూనె ఏదో తెలియని అయోమయం మొదలైంది.

రెండు నూనెలు, రెండు దారులు

1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం ప్రకారం గంజాయి అంటే మొక్క పూత, కాయ పట్టిన కొనలు. ఆ కొనలు లేకుండా విడిగా ఉన్న గింజలు, ఆకులు ఆ నిర్వచనంలోకి రావు. కొన్ని ఉత్తరాది రాష్ట్రాల్లో లైసెన్సు దుకాణాల్లో భంగు అమ్మకానికి వెసులుబాటు అక్కడి నుంచే వచ్చింది.

భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2021 నవంబరులో హెంప్ గింజలను, వాటి నూనెను, పిండిని ఆహారంగా గుర్తించింది. టీహెచ్‌సీ గింజల్లో కిలోకు 5 మిల్లీగ్రాములు, నూనెలో 10 మిల్లీగ్రాములు దాటరాదని పరిమితి పెట్టింది. సీబీడీకి కిలోకు 75 మిల్లీగ్రాములను గరిష్ఠ పరిమితిగా నిర్ణయించింది.

సీబీడీ నూనె దారి వేరు. అది మొక్క నుంచి తీసిన సారాన్ని మరో నూనెలో కలిపి చేసేది. మన దేశంలో ఇలాంటివి ఎక్కువగా ఆయుర్వేద ఔషధ లైసెన్సు కింద, ‘విజయ’ అనే పేరుతో అమ్ముడవుతున్నాయి. ఔషధ నియమావళిలోని ఈ(1) షెడ్యూలు గింజలు మినహా భంగును విషతుల్య ద్రవ్యాల జాబితాలో చేర్చింది. అలాంటి మందు కడుపులోకి తీసుకునేదైతే, వైద్య పర్యవేక్షణలోనే వాడాలన్న హెచ్చరిక సీసా మీద ఉండాలి. ఆ హెచ్చరికను ఇంగ్లిష్‌లో, హిందీలో ముద్రిస్తే నియమం తీరిపోతుంది. తెలుగు మాత్రమే చదవగలిగిన వారికి అది ఉన్నా లేనట్టే.

లెక్క చూస్తే

30 మిల్లీలీటర్ల సీసాలో 1,500 మిల్లీగ్రాముల సీబీడీ ఉందనుకుందాం. అంటే మిల్లీలీటరుకు 50 మిల్లీగ్రాములు. కిలో పచ్చడిలో ఒకటిన్నర మిల్లీలీటర్లు కలిపితే చాలు, ఆహారానికి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ గీసిన గీతను తాకినట్టే. ఇంటి వంటకు ఆ నిబంధన వర్తించదు. అయితే ఆహారానికీ మందుకూ మధ్య దూరం ఎంతో ఈ లెక్క చెబుతుంది.

బ్రిటన్ ఆహార ప్రమాణాల సంస్థ 2023 అక్టోబరులో, ఆరోగ్యవంతులైన పెద్దలు రోజుకు 10 మిల్లీగ్రాముల సీబీడీ దాటొద్దని సూచించింది. అంతకుముందు అదే సంస్థ సూచన 70 మిల్లీగ్రాములు. ఎక్కువ కాలం వాడితే కాలేయం, థైరాయిడ్‌పై ప్రభావం ఉండొచ్చన్న ఆధారాలతో దాన్ని తగ్గించింది. పై ఉదాహరణలోని సీసాలో 10 మిల్లీగ్రాములంటే దాదాపు నాలుగు చుక్కలు. వంటలో చేయి కాస్త జారితే దాటిపోయేంత.

కొవ్వు సంగతీ ఉంది. సీబీడీ కొవ్వులో కరుగుతుంది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018లో మూర్ఛ చికిత్సకు ఆమోదించిన ఎపిడియోలెక్స్ అనే సీబీడీ మందును కొవ్వు ఎక్కువున్న భోజనంతో తీసుకుంటే, రక్తంలోకి చేరే మోతాదు నాలుగైదు రెట్లు పెరుగుతుందని దాని వివరపత్రమే చెబుతుంది. అంటే ఖాళీ కడుపుతో వేసుకున్న చుక్క, నెయ్యన్నంలో కలిపిన చుక్క ఒకటి కావు. ఆ మందు వాడేవారికి వైద్యులు కాలేయ పరీక్షలు చేయిస్తారు. రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్, మూర్ఛకు వాడే క్లోబజామ్ వంటి మందుల ప్రభావాన్నీ సీబీడీ పెంచగలదు. ఇంటిల్లిపాదికీ ఒకే గిన్నెలో వండే చోట, ఆ మందులు వాడే పెద్దవారికి తెలియకుండానే సీబీడీ చేరిపోవచ్చు.

ఇంట్లోనే ఆకులు, పూత నుంచి సారం తీసే ప్రయోగాలు మరింత ప్రమాదం. మొక్క నుంచి వేరుచేసిన జిగురు ఏ రూపంలో ఉన్నా ఎన్‌డీపీఎస్ చట్టం దాన్ని చరస్‌గానే చూస్తుంది.

సరిహద్దు దాటితే

2022 జూన్‌లో గంజాయిని మాదకద్రవ్యాల జాబితా నుంచి తీసేసిన థాయ్‌లాండ్‌లో హోటళ్లు దాని ఆకులతో వంటకాలు వడ్డించాయి. 2025 జూన్‌కల్లా ఆ దేశమే గంజాయి పూత కొనాలంటే వైద్యుడి చీటీ తప్పనిసరి చేసింది. సింగపూర్‌లో సీబీడీ నిషిద్ధ మాదకద్రవ్యం. యూఏఈలోనూ సీబీడీ ఉత్పత్తులు తీసుకెళ్లడం నేరమే. అమెరికాలో దుకాణంలో కొన్న సీసాను సంచిలో వేసుకుని దుబాయ్ మీదుగా హైదరాబాద్ వచ్చే తెలుగువారు గుర్తుంచుకోవాల్సిన విషయమిది. అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల్లో గంజాయి సాగు, రవాణాపై ఏళ్లుగా దాడులు సాగుతున్న తెలుగు రాష్ట్రాల్లో చీటీ, బిల్లు లేని సీసాను పోలీసులు తేలిగ్గా తీసుకుంటారనుకోలేం.

గింజలకు భయపడాల్సిన పని లేదు. వాటిలో మాంసకృత్తులు, ఒమేగా కొవ్వులు మెండు. వాటి నూనె త్వరగా పొగ చిమ్ముతుంది కాబట్టి తాలింపుకు పనికిరాదు, వడ్డించేటప్పుడు పైన చల్లుకోవాలి. సీబీడీ నూనె మాత్రం వంట సరుకు కాదు. ఈ రెండింటినీ కొనేవారు వేరుగా గుర్తించాలంటే, గింజల నూనెనా మొక్క సారమా అన్నది, చుక్కకు ఎన్ని మిల్లీగ్రాములన్నది సీసా మీద పెద్ద అక్షరాల్లో, కొనేవారి భాషలో ఉండాలి. నియంత్రణ సంస్థలు తలచుకుంటే ఇందుకు కొత్త చట్టమేమీ అక్కర్లేదు, లేబుల్ నిబంధనల్లో సవరణ సరిపోతుంది.